రాయి పైకెలా వచ్చిందని ఎవరూ అడగరు

కొండ మీది శిబిరం
మార్చి 4

వదినా,

బాగున్నావా అని ఈసారి అడగను. నాకు ఒళ్ళు మండుతోంది. సరుకుల జీపు వచ్చింది, డ్రైవరు టీ తాగుతున్నాడు. ఈ కొండ మీద ఫోను పలకదు కాబట్టి నా కోపం అతని జీపులోనే కిందికి దిగాలి. ఇంకో గ్లాసు పోయించి కూర్చోబెట్టాను.

మీ సొరంగం కంపెనీ అచ్చు వేయించిన రంగుల పుస్తకం ఒకటి సరుకులతో పాటు వచ్చింది. అందులో మీరు తవ్వుతున్న కొండను నిలువునా కోసి చూపించిన బొమ్మ ఉంది. కింద నా పేరు వేశారు. పేరు నాదే, బొమ్మ నాది కాదు. మీ ఆఫీసు అడిగితే పోయినేడు నేనిచ్చిన పటంలో కొండకు మూడు రంగులున్నాయి. నడుమ ఆకుపచ్చ, దాని నెత్తిన పల్చటి ఎర్ర చార, ఆ పైన పసుపు. మీ పుస్తకంలో కొండంతా ఒకటే ఆకుపచ్చ. "అత్యంత దృఢమైన శిల" అని కింద గొప్పగా రాశారు. నా ఎర్ర చార ఏమైంది? అక్కడ చీఫ్ ఇంజనీరువి నువ్వు. నిన్ను కాక ఎవర్ని అడగను?

ఆ ఆకుపచ్చ రాయి గట్టిదే, కాదనను. కొడితే సుత్తే వెనక్కి తంతుంది. కాని అది ఇక్కడ పుట్టింది కాదు. ఒకప్పుడు భూమి లోపలికి నూరు కిలోమీటర్లు దిగిపోయి, అక్కడి ఒత్తిడికి రూపం మారిపోయి, మళ్ళీ పైకి వచ్చింది. గట్టిదా మెత్తదా అని అందరూ అడుగుతారు. పైకెలా వచ్చిందని ఒక్కరూ అడగరు. అంత లోతు నుంచి వచ్చే రాయి మర్యాదగా పక్కకు తప్పుకుంటూ రాదు వదినా, పక్కవాటిని ఒరుసుకుంటూ వస్తుంది. అది జారిన చోట, దాని నెత్తి మీద, రాళ్ళన్నీ నలిగి పిండయ్యాయి. ఆ పిండే నా ఎర్ర చార. నీ సొరంగం దాన్ని దాటాలి.

గీత ఎవరు చెరిపారో చెప్పమని మీ డైరెక్టరుకు కూడా ఇదే జీపులో ఒక కాగితం పంపుతున్నాను.

అన్నయ్యను అడిగానని చెప్పు. కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని ఊరందరి చూపూ సరిచేస్తాడు. నేను కిందికి దిగి ఫోను చేసినప్పుడు మాత్రం "అంతా బాగే" తప్ప ఇంకో మాట రాదు అతని నోట.

డ్రైవరు లేచాడు.

నీ ఆడపడుచు

&nbsp;

సొరంగం క్వార్టర్లు
మార్చి 12

రాళ్ళపిల్లకు,

మా పెళ్ళినాడు జేబుల నిండా గులకరాళ్ళతో తిరిగావని ఆ పేరు పెట్టాను. ఆ రాళ్ళు ఒకనాడు నా మీదే విసురుతావని అనుకోలేదు.

అర్ధమొగుడు ఆడపడుచు అంటారు. ఇన్నేళ్ళూ ఆ సామెత మన ఇంటి గుమ్మం తొక్కలేదని గర్వపడ్డాను. నిన్నటి మీటింగులో తొక్కింది. నీ కాగితాన్ని డైరెక్టరు అందరి ముందూ పైకి చదివాడు. "ఈ గీత చెరిపినవారికి కొండ గురించి తెలియదు, తెలియదన్న సిగ్గూ లేదు" అన్న దగ్గర ఆపి, కాగితం మడిచి, నా వైపు చూసి, "మీ ఆడపడుచుగారు మీ గురించే రాసినట్టున్నారు మేడం" అన్నాడు. అందరూ నవ్వారు.

గీత నేను చెరపలేదు. నా చేతికి వచ్చిన పటంలో ఒకటే రంగుంది. ముందు నన్నడిగి, నా జవాబు చూసి, ఆ తరవాత ఆయనకు రాస్తే నీ సొమ్మేం పోయేది? నిప్పు పెట్టింది నువ్వు, చేతులు కాలింది నాకు.

ఇక నీ రాయి. నేనూ నాలుగక్షరాలు చదువుకున్నదాన్నే. కొండ నెత్తిని వానలు కడుగుతాయి, మంచు గీకుతుంది. పైబరువు తగ్గినకొద్దీ కిందిది లేస్తుంది, బస్తాలు దించాక బండి పట్టీలు లేచినట్టు. ఇందులో జారడమేమిటి, పిండవడమేమిటి? ఇంకో మాట. మా ఇంట్లో తలుపుకు అడ్డుగా పెట్టుకున్న నీ ఆకుపచ్చ రాయి ఎత్తబోయి మీ అన్నయ్య నడుము పట్టేసింది. అంత బరువైనది మునగాలి గాని తేలుతుందా? భూమి లోపలినుంచి ఇనుపగుండు తేలుతూ వచ్చిందంటే తలూపడానికి నేనేమన్నా గంగిరెద్దునా? కొండ పైనుంచి వేసిన బోర్లన్నీ గట్టి రాయే చూపించాయి.

నన్ను "సంతకాల మర" అన్నావట, మీ అన్నయ్య చెప్పాడు. మరకైనా అప్పుడప్పుడు కాస్త నూనె వేస్తారు. నువ్వు ఇసుక పోశావు.

మీ వదిన

&nbsp;

కొండ మీది శిబిరం
మార్చి 19

చీఫ్ ఇంజనీరుగారికి,

మీ ఉత్తరం అందింది. ఇసుక పోసిన ఆడపడుచు జవాబు రాస్తోంది, చిత్తగించండి.

డైరెక్టరుగారు ఆపేసిన చోట నా కాగితం ఆగలేదు. తరవాతి వాక్యం, "ఇది చీఫ్ ఇంజనీరుకు తెలిసి జరిగి ఉండదు, ఆవిడకు అసలు పటం చూపించండి" అని. సగం చదివి మడిచిన కాగితాన్ని మీరు పూర్తిగా నమ్మారు, నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగిన మీరు. అన్నయ్యతో నేనన్నది కూడా వేరు. "వదిన చేత సంతకాలు పెట్టించుకుని ఆవిణ్ణి మరలా వాడుకుంటున్నారు" అన్నాను. కళ్ళద్దాల్ని అరగదీసినట్టు మాటల్ని కూడా అరగదీసి మీకు అందించాడు.

బరువైన రాయి ఎలా తేలిందన్నారు. ఇన్నాళ్ళకు ఒక మనిషి సరైన ప్రశ్న అడిగింది, అదీ నన్ను దెప్పడానికి.

తేలింది అది కాదండీ, దాన్ని మోసిన రాయి. సముద్రం అడుగున ఉండే నేల బరువైనది. అది మరో ఖండం కిందికి దిగిపోతూ, తన వెనకాల అతుక్కుని ఉన్న ఈ ఖండపు అంచును కూడా ఈడ్చుకుపోయింది. ఖండపు రాయి తేలిక, పలుగురాయి పాలు ఎక్కువ. నీళ్ళలోకి బలవంతాన నొక్కిన బెండు లాంటిదన్నమాట. లాగేదాని పట్టు లోపలెక్కడో తెగింది. బెండు పైకి తన్నుకొచ్చింది. నా పటంలో ఆకుపచ్చ పొర అంటే చాలావరకు ఆ తేలిక రాయే. మీ తలుపు దగ్గరున్న ఇనుపగుండు అందులో గుచ్చుకున్న మేకు. బెండు తేలితే మేకూ తేలుతుంది.

వాన కడిగితే లేచిందన్నారు. చివరి కొద్ది కిలోమీటర్లకు అది నిజమే. అడుగునుంచీ అంత నెమ్మదిగా వచ్చి ఉంటే మాత్రం దారిలోని వేడికి ఉడికి, లోతుల గుర్తులన్నీ చెరిగిపోయేవి. చెరగలేదు. ఆ రాతిలో గార్నెట్ అనే ఎర్ర గింజలుంటాయి. ఒకదాన్ని పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. దాని పొట్టలో కంటికి ఆనని తునక ఒకటుంది. పలుగురాయే, కాని మహా లోతుల ఒత్తిడిలో తప్ప పుట్టని బిగుసుకున్న రూపం. పైకి వస్తుంటే ఉబ్బి మామూలు పలుగురాయి అయిపోవాలని చూసింది. గార్నెట్ పిడికిలి విప్పలేదు. చుట్టూ కిరణాల్లా పగుళ్ళు పారాయి గాని నడుమ తునక మిగిలింది. తొందరగా వచ్చింది కాబట్టే మిగిలింది. తొందరంటే మన తొందర కాదు, ఏడాదికి గోళ్ళు పెరిగినంత. కొండలకు అది పరుగు.

అలా పరుగెత్తాలంటే జారాలి. జారాలంటే కింద ఒక ముఖం, పైన ఒక ముఖం నలగాలి. పై ముఖం రాయి ఇప్పుడు నా చేతిలో ఉంది. కాకిబంగారమూ బలపపురాయీ కలిసి నలిగిన ముద్ద. తడి చేసి రెండు వేళ్ళ మధ్య రాస్తే సబ్బులా జారిపోతోంది. ఈ కాగితం మీది మెరుపు దానిదే, దులిపినా పోలేదు. మీ బోర్లు గట్టి రాయి చూపించాయంటే చూపించవా మరి. బండి రోడ్డు ఉన్నచోట బోరు వేశారు. రోడ్డేమో గట్టి రాయి మీద ఉంది.

భవదీయురాలు

(మీకు రాసే ఉత్తరం ఇలా ముగించడం ఇదే మొదలు.)

&nbsp;

సొరంగం క్వార్టర్లు
మార్చి 27

రాళ్ళపిల్లా,

"మీరు" అని రాశావు. తిట్టినా బాగుండేది. ఉత్తరం రెండుసార్లు చదివాను, మొదటిసారి ఏడుస్తూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని.

పటాలు గీసే అతన్ని పిలిచి అడిగాను. దాచలేదు పాపం. పుస్తకం చూసేవాళ్ళకు ఎర్ర చార ఎందుకో అర్థం కాదనీ, కంటికి అడ్డంగా ఉందనీ డైరెక్టరే తీసేయమన్నాడట. ఆ తరవాత అదే బొమ్మను నా పనిపటంగా పంపించారు. అచ్చు అందంగా రావడానికి చెరిపిన గీత మీద నేను మనుషుల్ని లోపలికి పంపుతున్నాను. అది తెలిసిన దగ్గర్నుంచి నా అన్నం నాకు సహించడం లేదు.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, తవ్వకం ముఖం నుంచి ముందుకు పొడుగాటి బోరు వేసి చూస్తానన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మేడం, ఇంటి గొడవలు ఇంట్లో తేల్చుకోండి. పైన మీ ఆడపడుచు గీత గీస్తుంది, కింద మీరు పని ఆపుతానంటారు. రేపు మీ ఆయన దుకాణంలో కళ్ళజోళ్ళు కొంటే గాని సొరంగం కనపడదంటారు" అన్నాడు.

నా చదువూ నా అనుభవమూ అన్నీ పోయి ఒక్క చుట్టరికం మిగిలింది ఆయన కంటికి. కాబట్టి విను. ఆఫీసుకు రాయకు. సెలవులకు ఇటు రాకు. గేటు దగ్గర కనపడకు. మనిద్దరికీ ఏ సంబంధమూ లేనట్టే ఉండాలి. సముద్రాలూ బెండ్లూ నాకు అర్థమయ్యాయి, ఇక చాలు. నాకు చోటు చెప్పు. ఆ చార నా సొరంగానికి ఎక్కడ తగులుతుందో వేలు పెట్టి చూపించు. బోరు వేసేది కథలో కాదు, రాతిలో.

వదిన

&nbsp;

కొండ మీది శిబిరం
ఏప్రిల్ 3

సంబంధం లేనివారికి,

మీ ఆజ్ఞ ప్రకారం చార వెంట కొండ చుట్టూ నడిచాను. అది నేలకు తగిలిన చోటల్లా ఊటలున్నాయి, వరసగా, ఎవరో గీత గీసి పెట్టినట్టు. ఆ నలిగిన పొర నీళ్ళను కిందికి దిగనివ్వక పక్కకు తోస్తోంది. వాలు కొలిచి లెక్క కట్టాను. మీ మూడో అడ్డసొరంగం దాటిన కొద్ది దూరంలో తగలాలి. పటం మీద గుర్తు పెట్టి పంపుతున్నాను.

చోటు అడిగారు, ఇచ్చాను. నాతో చుట్టరికం పరువు తక్కువైతే ఆ మాట ముందే చెప్పాల్సింది. అనుకోకుండా తగిలించుకున్న ఆడపడుచును వదిలించుకోవడం సులువే, ఒక ఉత్తరం చాలు. సెలవులకే కాదు, ఇక ఎప్పుడూ రాను. తలుపుకు అడ్డు పెట్టిన రాయి అన్నయ్య నడుము బాగయ్యాక వెనక్కి పంపించండి.

నేను

&nbsp;

ఇల్లు
ఏప్రిల్ 20

పిచ్చిదానా,

పరువు కాదే. నీ మాటకు విలువ ఉండాలంటే నువ్వు నా మనిషివి కాకుండా పోవాలి, ఆ గదిలో లెక్క అలా ఉంది. నువ్వు మా ఇంటి పిల్లవని తెలిస్తే నీ గార్నెట్ కూడా అబద్ధం చెప్పినట్టే వాళ్ళకు. అందుకని దూరం పెడితే, నువ్వు నా మీద పగబట్టి కూర్చున్నావు. రాయి పంపను. అది నా తలుపుది.

చిరునామా చూశావుగా. నన్ను తీసేశారు. అదేదో నిదానంగా చెబుతాను, మీ అన్నయ్య చెబితే రెండు మాటల్లో అయిపోతుంది.

నీ గుర్తు దగ్గరికి తవ్వకం వచ్చాక ఎవరి అనుమతీ అడగకుండా ముందుబోరు వేయించాను. చాలాదూరం బూడిదరంగు రాతిపొడి వచ్చింది. తరవాత డ్రిల్లు ఒక్క ఊపున ముందుకు పోయింది, పండులోకి కత్తి దిగినట్టు. నీళ్ళు వచ్చాయి, బియ్యం కడిగినట్టు తెల్లగా. దోసిలి పట్టాను. చేతులు మెరిశాయి. నీ ఉత్తరం మీది మెరుపే. మళ్ళీ వెంటనే గట్టి రాయి తగిలింది. ఆ మెత్తన అంతా కలిపి నా చెయ్యి పొడవు ఉంటుందేమో. అయినా పని ఆపించి అందర్నీ బయటికి తెచ్చేశాను.

డైరెక్టరు వచ్చాడు. చెయ్యెడు మెత్తన చూసి సొరంగం ఆపే ఇంజనీరు తనకు అక్కర్లేదన్నాడు. సాయంత్రానికి క్వార్టరు తాళాలు అడిగారు. నా స్థానంలో వచ్చిన ఆయనకు కూలీలు అప్పుడే "గడియారం" అని పేరు పెట్టారు, నోరు తెరిస్తే గడువు మాటే కాబట్టి.

ఇప్పుడు అసలు సంగతి. గడియారం ఆ చెయ్యెడు మెత్తనా దాటేశాడు. నీ గుర్తూ దాటేశాడు. రోజూ తవ్వుతూనే ఉన్నారు, ఒక పెళ్ళ కూడా రాలలేదు. ఆడవాళ్ళ గాభరా అంటున్నారట క్యాంటీనులో. ఇక్కడ నేను వంటింటి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నానని మీ అన్నయ్య వాటిని దాచేస్తున్నాడు. నువ్వు చెప్పింది నిజమైతే ఇంకా ఎందుకు కూలలేదు? అబద్ధమైతే నా ఉద్యోగం ఎందుకు పోయింది? కూలాలని నేను కోరుకుంటున్నానేమోనని భయమేస్తోంది. ఇలాంటి కోరిక పుట్టేలా చేసిన నీ మీద పట్టరాని కోపంగా ఉంది.

వదిన

&nbsp;

కొండ మీది శిబిరం
ఏప్రిల్ 28

వదినా,

నీ కోపం నా నెత్తిన పెట్టుకుంటాను, కాసేపు పక్కన పెట్టి ఇది చదువు.

గడియారంగారి దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఎంత మర్యాదగా రాశాడో. "మీరు శాస్త్రీయంగా గుర్తించిన బలహీన ప్రదేశాన్ని క్షేమంగా దాటాము, ఇక ముందు ప్రమాదం లేదని ధ్రువీకరించగలరు" అట. నా గీతను చెరిపినప్పుడు నేను నీ ఆడపడుచును. గీత దాటామనుకున్నాక శాస్త్రవేత్తను అయిపోయాను. చదివి చదివి కాగితం నలిపేశాను, మళ్ళీ సాపు చేసుకున్నాను, జవాబు రాయాలి కదా.

ఆ గుర్తు నేనే పెట్టాను, కాదనను. కాని జారిన ముఖం బల్లలా చదునుగా ఉండదు. పైకి వచ్చాక కూడా కొండ ఊరుకోలేదు, పక్కనుంచి నొక్కుతూనే ఉంది. దుప్పటిని ఒక చివర నుంచి తోస్తే ముడతలు పడతాయే, అలా ముడతపడింది. నీ ఉత్తరం వచ్చాక కొండ అవతలి పక్కకు వెళ్ళి చూశాను. అక్కడ ఊటల వరస మొత్తం లోపలికి ఒంగి ఉంది. నీకు తగిలిన చెయ్యెడు మెత్తన కొమ్మ, మాను కాదు. మాను ఇంకా ముందుంది. ఎంత ముందో ఈసారి చెప్పను. చోటు చెబితే, అది దాటగానే చప్పట్లు కొడతారు.

ప్రమాదం దాటలేదు, తవ్వకం ఆపండి అని గడియారానికీ డైరెక్టరుకూ రాశాను. జీపు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. జవాబు లేదు. నేను కిందికి దిగితే గేటు దగ్గరే ఆపేస్తారు, నా మొహం లోపలివాళ్ళకు తెలియదు. నీ మొహం తెలుసు. బోరు నీళ్ళు నీ చేతుల్లో మెరవడం వాళ్ళు కళ్ళారా చూశారు. నేనడిగేది ఏమిటో నీకు అర్థమైంది. అడిగే హక్కు లేదని కూడా తెలుసు.

నీ ఆడపడుచు

&nbsp;

కొండ మీది శిబిరం
మే 10

వదినా,

ఊటలు ఎండిపోయాయి. నిన్న మధ్యాహ్నం దాకా పారినవి సాయంత్రానికి తడి మరకలయ్యాయి. అన్నీ, వరసగా. నీళ్ళు కిందినుంచి ఎటో పోయాయి. ఎటు పోయాయో నాకు తెలుసు.

జీపు డ్రైవరును ఖాళీగా తిప్పి పంపుతున్నాను. లోపల ఎవరున్నారో రాయి. ముందు అది రాయి, మిగతాది తరవాత.

&nbsp;

ఇల్లు
మే 11

రాళ్ళపిల్లా,

ఎవరూ లేరు. ముందు ఇది చదువుకో. ఒక్కరు కూడా లేరు.

నీ ఏప్రిల్ ఉత్తరం చదివి రెండు రోజులు గిన్నెలే తోమాను. మూడోరోజు మీ అన్నయ్య దుకాణం మూసేసి వచ్చి, "బస్సుకు వెళదామా, బండి మీద వెళదామా" అని అడిగాడు. ఎక్కడికని చెప్పలేదు, నేనూ అడగలేదు. కష్టం వచ్చినప్పుడు అతని నోట "అంతా బాగే" కాని మాట వినడం నాకూ అదే మొదలు.

గేటు దగ్గర నన్ను ఆపారు. క్యాంటీను గేటు బయటే కదా, అక్కడ కూర్చున్నాను. షిఫ్టు మారే వేళకు లోపలికి వెళ్ళేవాళ్ళంతా టిఫిను కోసం వచ్చారు. కొందరు పలకరించారు, కొందరు తల తిప్పుకున్నారు. నేను లేచి నిలబడి, బోరు నీళ్ళ గురించీ, నువ్వు చూసిన ముడత గురించీ, ఆ పొర ఇంకా ముందుందన్న సంగతీ చెప్పాను. నూరు కిలోమీటర్ల గురించి కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. లోతునుంచి వచ్చింది దేన్నయినా ఒరుసుకునే వస్తుందన్న మాట మనుషులకు చప్పున అర్థమవుతుంది, డైరెక్టర్లకే అర్థం కాదు.

ముఠామేస్త్రి అంతా విని ఒకటే అడిగాడు. "మేడం, ఇవాళ మీరే చీఫ్ అయితే మమ్మల్ని పంపుతారా?"

"పంపను."

"మీరు వెళతారా?"

"వెళ్ళను."

అతను హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత ఒక్కొక్కళ్ళే పెట్టారు. బల్ల నిండిపోయి కొన్ని నేల మీద పెట్టాల్సి వచ్చింది.

గడియారం వచ్చాడు, డైరెక్టరు వచ్చాడు, పోలీసులు వచ్చారు. పనికి దిగనివాళ్ళందర్నీ అక్కడికక్కడే తీసేశారు. కూలీల్ని రెచ్చగొట్టానని నా మీద కేసు పెట్టారు. సోమవారం వేరే సైటు నుంచి కొత్త ముఠా వస్తుందన్నాడు డైరెక్టరు. వాళ్ళు పాపం ఏమీ ఎరుగరు, నా మొహం కూడా ఎరుగరు. వాళ్ళకు ఎవరు చెబుతారు అనుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం మధ్యాహ్నం, నువ్వు చెప్పిన వేళకే, ముఖం కూలింది. కొండ నోరు తెరుచుకుని కక్కినట్టు బురద వచ్చిందట. అంతంత డ్రిల్లింగు యంత్రాన్ని బొమ్మలా ఈడ్చుకొచ్చి మూడో అడ్డసొరంగం దగ్గర పడేసింది. ఆ వేళకు లోపల ఉండాల్సింది మేస్త్రి ముఠాయే.

నిన్ననే పేపరులో వేశారు. "యాజమాన్యం ముందుచూపుతో తప్పిన ప్రాణనష్టం." డైరెక్టరు ఫొటో కూడా ఉంది. ప్రమాదాన్ని పసిగట్టి ముందురోజే కార్మికుల్ని ఖాళీ చేయించాడట. తీసేసిన ఉత్తర్వు ఒక పక్క, ఖాళీ చేయించానన్న మాట ఒక పక్క, రెండూ ఒకే నోటితో. మీ అన్నయ్య పేపరు చదివి, నాకు చూపించకుండా దాచబోయాడు. వాసన పట్టేశాను.

వదిన

&nbsp;

కొండ మీది శిబిరం
జూన్ 6

వదినా,

ఎవరూ లేరన్న నీ మొదటి వాక్యాన్ని బండ మీద కూర్చుని పదిసార్లు చదివాను. మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది. పేపరు సంగతి చదివాక మాత్రం లేచి నిలబడ్డాను.

విచారణ సంఘం నిన్న కొండెక్కింది. ముగ్గురు పెద్దమనుషులు, వెనకాల డైరెక్టరు. ఆయన మోకాలు నొప్పని సగంలో ఆగిపోయాడు. మిగతా ముగ్గురికీ ఎండిన ఊటలు చూపించాను, నలిగిన రాయి చేతికిచ్చాను. వాళ్ళలో పెద్దాయన వేళ్ళు రాసుకుని చూసుకుంటూ, "ఇంత మెత్తనిది ఇన్ని కోట్ల ఏళ్ళు ఎలా నిలిచింది?" అన్నాడు. "ఎవరూ కదపలేదు కాబట్టి" అన్నాను.

తరవాత ఆయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా ఒక సలహా ఇచ్చాడు. కంపెనీ కొత్త దారికి సలహాదారుగా నన్ను పెట్టుకుంటుందట, డైరెక్టరు ముందుచూపు మాట నేను కాదనకపోతే చాలట. ప్రాణనష్టం లేనప్పుడు పాత సంగతులు తవ్వడమెందుకన్నాడు. తవ్వకం నా వృత్తి కాదండీ, మా వదినది, ఆవిణ్ణి అడగండి అన్నాను. చచ్చినవాళ్ళుంటేనే నిజం చెప్పాలా వదినా? ఎవరూ చావలేదు కాబట్టి ఏమీ జరగలేదంటారా? నా గొంతు ఎంత లేచిందో, సగంలో కూర్చున్న డైరెక్టరుకు కూడా వినపడింది. వినపడాలనే అరిచాను.

అన్నీ రాసి, సంతకం పెట్టి, వాళ్ళ చేతికే ఇచ్చాను. గీత చెరిపిన దగ్గర్నుంచి హెల్మెట్ల దాకా.

నీ ఆడపడుచు

&nbsp;

సొరంగం క్వార్టర్లు
సెప్టెంబరు 2

రాళ్ళపిల్లా,

చిరునామా చూసి ఎగిరి గంతెయ్యకు, ఎలా వచ్చానో విను.

సంఘం నివేదిక వచ్చింది. సొరంగం దారి మార్చమంది. నీ వాంగ్మూలం నాలుగో పేజీలో ఉంది, అక్షరం మార్చలేదు. గీత చెరిపింది ఎవరో మాత్రం "సమాచార లోపం" అని రాశారు. ఆ లోపానికి కాళ్ళూ చేతులూ ఫొటోలూ ఉన్నాయని వాళ్ళకూ తెలుసు. డైరెక్టర్ని ఇక్కణ్ణుంచి తీసేశారు. ఎక్కడికో తెలుసా? ఇంతకన్నా పెద్ద సొరంగానికి. అది విన్నరోజు మళ్ళీ గిన్నెలు తోమాను. ఈసారి మీ అన్నయ్య దాచలేదు, పక్కన కూర్చుని కడిగి పెట్టాడు.

నన్ను వెనక్కి రమ్మన్నారు. కేసు ఎత్తేస్తామన్నారు. తీసేసిన ముఠా మొత్తాన్ని తీసుకుంటేనే వస్తానన్నాను. కుదరదన్నారు. అయితే నాకూ కుదరదని ఇంట్లో కూర్చున్నాను. ఈలోగా గడియారం తప్పుకున్నాడు, కొత్త చీఫ్ ఎవరూ దొరకలేదు. నీ నాలుగో పేజీ చదివినవాళ్ళెవరూ నీ సంతకం లేకుండా ఆ కొండలోకి దిగడానికి ఒప్పుకోలేదట. చివరికి కంపెనీవాళ్ళే దారికొచ్చారు. ఇవాళ పొద్దున్న మేస్త్రి ముఠా గేటు దాటి లోపలికి వెళ్ళాక నేను వెనక వెళ్ళాను. ముందు ముందుబోరు, తరవాతే తవ్వకం. ఆ మాట రాసి గోడకు పెట్టించాను.

కొత్త దారి గీయడానికి నువ్వు దిగిరావాలి. చుట్టరికం దాచుకుంటూ కాదు, గేటులోంచి, నా పక్కన నడుచుకుంటూ. నీ గది తుడిపించాను.

ఒక్కటి మిగిలింది. గేటు పక్కన పాత డైరెక్టరు పోతూపోతూ పెద్ద ఇనుపబోర్డు పెట్టించి వెళ్ళాడు. "యాజమాన్యం ముందుచూపుతో కార్మికుల ప్రాణాలు కాపాడబడిన స్థలం" అని, ఆయన పేరుతో సహా. పొద్దున్న అది చూసి నా రక్తం మరిగింది, మధ్యాహ్నం తీరిక దొరకగానే పీకించేద్దామని మనుషుల్ని పిలవబోయాను. ఈలోగా షిఫ్టు దిగింది. లోపల నీళ్ళు కారుతున్నాయి కదా, అందరూ తడిసి ముద్దై వచ్చారు. మేస్త్రి చొక్కా విప్పి, పిండి, ఆ బోర్డు మీద ఆరేశాడు. తరవాత ఒక్కొక్కళ్ళే ఆరేశారు. అక్షరాలు మొత్తం కప్పుకుపోయాయి. ఎండ బాగా తగిలే చోటట.

ఉండనిచ్చాను.

మీ వదిన